ఆకుపొట్లం అభిప్రాయాలు

"ఆవిడకి ఏమిష్టం?"

సరింతెన్ అక్క వంటింటి గుమ్మంలోంచి అడిగేసరికి నేను వాకిట్లో చాపలు దులుపుతున్నాను. నా భార్య లస్మిని పోయి ఆ రోజుకి నూరు రోజులు. మా పేటలో ఎవరింట కార్యమైనా వీధిలో ఆడవాళ్లంతా ఎవరి కత్తి వాళ్లు తెచ్చుకుని పొద్దున్నే వంటకి వచ్చేస్తారు. పిలవక్కర్లేదు. రాకపోతే మాత్రం పదేళ్లు గుర్తుపెట్టుకుంటారు. మగవాళ్లు సాయంత్రం ప్రార్థన అయ్యాక వచ్చి, చాపల మీద కూర్చుని దువా చదివి, తిని, పొట్లం పట్టుకుని పోతారు. ఆ జనం రాకముందే ఇంకో పని ఉంటుంది. పోయినవాళ్లు పడుకున్న గదిలో వాళ్లకి బాగా ఇష్టమైనదేదో ఒక కంచంలో పెట్టి, పక్కన గ్లాసుడు టీ పెట్టి, తలుపు దగ్గరగా వెయ్యాలి. మన మతంలో ఇది లేదని మసీదు గురువు ఏటా చెబుతాడు. అందరూ పెడతారు. గురువుగారి భార్య కూడా పెట్టింది.

"పనసకాయ కూర," అన్నాను. "కొబ్బరిపాలు పోసి, తాటిబెల్లం వేసి."

లోపల ఎవరో కిసుక్కున నవ్వారు.

"అది నీకిష్టం రా పర్జో," అంది అక్క. "ముప్పై నాలుగేళ్లు నీకు వండింది. నేనడిగేది ఆవిడకేమిష్టమని."

"అయితే వేపిన తెంపె పెట్టండి."

"రోజూ సోయాగింజలు ఉడకబెట్టి, కాళ్లతో తొక్కి, పులియబెట్టి, ఆకుల్లో చుట్టి చుట్టి వేళ్లు పచ్చబడిపోయిన మనిషి, మళ్లీ ఆ తెంపెనే కోరి తింటుందా? నీ బుర్ర ఎక్కడ పెట్టుకున్నావు?"

మా అమ్మాయి కినాంతి సురబాయ నుంచి వచ్చి ఉల్లిపాయలు ఒలుస్తోంది. దాన్నడిగాను. "అమ్మకి అన్నీ ఇష్టమే నాన్నా," అంది. కాసేపు ఆలోచించి, "కోడి మెడ. కోడి వండితే నాకు తొడ వేసి తను మెడ తీసుకునేది. మెడంటే ప్రాణం అనేది," అంది.

అక్క కత్తి ఆగింది. "మా పిల్లలకి నేనూ అదే చెప్పానమ్మా," అంది మెల్లిగా.

కినాంతి తల దించుకుని ఉల్లిపాయ మీద పడింది. దాని కళ్లు అంతకుముందే ఎర్రగా ఉన్నాయి కాబట్టి ఎందుకేడుస్తోందో తేల్చడం కష్టం.

"మీతో కలిసి ఇన్ని ఇళ్లల్లో వంటలు చేసింది కదా, ఏం తినేదో మీరు చూడలేదా?" అన్నాను నేను, తప్పు వాళ్ల మీదికి తోద్దామని.

"మా దగ్గరెప్పుడు తింది? తన పొట్లం కట్టుకుని ఇంటికి తెచ్చేసేది. ఆ పొట్లం ఎవరు తిన్నారో నువ్వే చెప్పాలి."

నేనే తిన్నాను. ప్రతిసారీ తిన్నాను. మూలన కొబ్బరి తురుముతున్న వినార్తి అప్పుడంది. ఎదురింటి కోడలు, నన్ను మామయ్యా అంటుంది, లస్మినిని అత్తా అనేది. "అత్త రాసినవాటిలో చూడండి మామయ్యా. అందులో ఉంటుంది."

"ఏం రాసింది? ఎక్కడ?"

వంటింట్లో తొమ్మిదిమంది ఆడవాళ్లు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. వాళ్లందరికీ తెలుసు. నాకు తెలీదన్న సంగతి వాళ్లకిప్పుడే తెలిసింది.

లస్మిని టీవీలో చూసిన సీరియల్ పేరు 'నది అవతలి బడి'. ఏదో పాత నవలని తీశారు. పొగాకు తోటల ఊళ్లో వెనింగ్ అనే పిల్ల పెద్దమనిషి అవుతుంది, పడవ నడిపేవాడి మీద మనసు పడుతుంది, తండ్రిని ఎదిరించి పంతులమ్మ చదువుకి నది దాటిపోతుంది. శనివారం సాయంత్రాలు వచ్చేది, పన్నెండు భాగాలు. లస్మిని నేల మీద కూర్చుని తెంపె ఆకుల్లో చుడుతూ చూసేది. నేను ఒకసారి "ఇంత ముసలితనంలో నీకా పిల్ల ప్రేమ సంగతులెందుకు" అన్నాను. "ఊరికే," అంది. సీరియల్ తీసినవాళ్లు ప్రతి భాగాన్నీ ఫోన్లో కూడా పెడతారట. కింద చూసినవాళ్లు తమ అభిప్రాయాలు రాస్తారట. వినార్తి లస్మిని ఫోన్లోనే వాటిని వెతికి తీసి నా చేతిలో పెట్టింది. "ఆకుపొట్లం అని ఉన్నవన్నీ అత్తవే."

సాయంత్రం లోపల కంచంలో ఏం పెట్టాలో తేలాలి. నేను పెరట్లో, ఆవిడ గింజలు తొక్కే బేసిన్ పక్కన మెట్టు మీద కూర్చున్నాను. నాకు వేలు పెట్టి చదివితేగాని అక్షరాలు కుదురుగా ఉండవు.

మొదట్లో అన్నీ ఇతరులవే. వెనింగ్ మరీ తెల్లగా ఉందని ఒకరు. నవల్లో పడవవాడికి మీసం లేదు, ఈయనకెందుకు పెట్టారని ఒకరు. ఆ కాలంలో ప్లాస్టిక్ బకెట్ ఎక్కడిదని ఒకాయన పేజీడు రాశాడు. లోకంలో ఇంత తీరికగా మనుషులున్నారని నాకు తెలీదు. వాళ్ల మధ్య, మొదటి భాగం కింద, ఆకుపొట్లం.

"అందరూ వెనింగ్ కిటికీ దగ్గర కూర్చుని చదువుకోవడం ఎంత బాగుందో రాస్తున్నారు. బాగుంది. ఆ పిల్ల చదువుతున్నంతసేపూ వెనకాల వాళ్లమ్మ ఆరుసార్లు దాటింది. మొదటిసారి చేతిలో నీళ్ల కుండ. తర్వాత పొయ్యికట్టెలు, తడిబట్టలు, చేట, మళ్లీ కుండ, చివర్లో మొగుడి చెప్పులు. కెమెరా ఒక్కసారి కూడా ఆవిడ వెంట పోలేదు. నేను పోయాను. ఇక్కడ ఆకులు చుడుతూనే ఆవిడ వెంట వంటింట్లోకి పోయాను. లోపల ఏముందో వాళ్లు చూపించకపోయినా నాకు తెలుసు. ఒక్క సందేహం మాత్రం ఉండిపోయింది. ఈ భాగంలో ఆ ఇంట్లో మూడు భోజనాలయ్యాయి. తల్లి మూడుసార్లూ వడ్డించింది. తను ఎప్పుడు తింది? ఎవరికైనా కనబడితే చెప్పండి."

కింద ఒకడు రాశాడు: "కథ చూడమ్మా, కంచాలు కాదు."

దానికి ఆవిడ జవాబు: "చూస్తూనే ఉన్నా నాయనా. కథ ప్రతిసారీ కంచం దాకా వచ్చి ఆగిపోతోంది, అందుకే అడిగా."

నేను ఆ వాక్యం రెండుసార్లు చదివాను. నాతో ఆవిడ ఎప్పుడూ ఇంత చురుగ్గా మాట్లాడలేదు. మాట్లాడిందేమో, నేను వినలేదేమో. నాలుగో భాగం కిందది ఇంకా పెద్దది.

"ఈ నవల మా ఊరి బడి గ్రంథాలయంలో ఉండేది. అప్పుడు నాకు పదహారు. వెనింగ్ అంటే నేనే అనుకున్నా. నది దాటబోయేది నేనే. చదువుతూ చదువుతూ అన్నం మాడబెట్టి మా అమ్మ చేత తిట్లు తిన్నా. పోయిన నెల మళ్లీ సంపాదించి చదివాను. ఈసారి వెనింగ్ ఎదురింటి పిల్లలా అనిపించింది. మంచి పిల్లే, కాస్త గలగలలాడుతుంది. నా కళ్లు మాత్రం వెనకాల నడిచే మనిషి మీదే ఉన్నాయి. రెండువందల అరవై పేజీల్లో ఆ తల్లికి పేరు లేదు. వెనింగ్ తల్లి, లేకపోతే ఒసే. ఒక్కచోట, నూటపన్నెండో పేజీలో, తలుపు చాటున నిలబడి కుండ అడుగున అంటుకున్న మాడు గోక్కుని తింటుంది. ఒకే ఒక వాక్యం. పదహారేళ్లప్పుడు నేను దాన్ని దాటేసి పడవవాడి దగ్గరికి పరిగెత్తి ఉంటాను. టీవీవాళ్లు కూడా దాటేశారు. మీరు మీసం గురించి కొట్టుకుంటున్నారు కదా, ఆ వాక్యం ఏమైందో అడగరేం?"

ముప్పై నాలుగేళ్లలో ఆవిడ చేతిలో పుస్తకం చూడలేదు నేను. ఆవిడ పోయేముందు ఒకసారి చూసి కూడా అది వినార్తి పిల్లల బడి పుస్తకం అనుకుని, దాని మీద నా టీ గ్లాసు పెట్టాను. అట్ట మీద గుండ్రంగా మరక పడింది. ఆవిడ గ్లాసు తీసి, కొంగుతో అట్ట తుడిచింది.

ఆరో భాగంలో వెనింగ్ తండ్రి పెళ్లాంతో "రోజంతా ఇంట్లో ఏం చేస్తావే" అంటాడట. చూసినవాళ్లంతా ఆ నటుణ్ణి నానా తిట్లూ తిట్టారు. ఆకుపొట్లం ఇలా రాసింది.

"పాపం అతన్ని తిట్టకండి. ఆ మాట అతను పుట్టించింది కాదు. మా ఇంట్లో ఒకాయన ఉన్నాడు. నేను బేసిన్లో నిలబడి గింజల పొట్టు ఊడేదాకా కాళ్లతో తొక్కుతుంటే గుమ్మంలోకి వచ్చి, 'ఖాళీగా ఉంటే నా చొక్కాకి గుండీ కుట్టిపెట్టు' అంటాడు. ఖాళీగా ఉంటే! తొక్కుతున్న కాళ్లు ఆపకుండానే చొక్కా తీసుకున్నా. ఊరంతా ఆయన తెంపె బాగుంటుందంటారు. బండి మీద తీసుకెళ్లి అమ్మేది ఆయనే కదా. ఒకసారి నాకు జ్వరమొచ్చి, చూసుకోక, గింజలు నల్లబడి వాసనొచ్చాయి. ఆ రోజు మాత్రం సంతలో అందరితో 'మా ఆవిడ చెయ్యి పాడైంది' అన్నాడట. బాగున్నన్నాళ్లూ ఆయనది, పాడైన రోజు నాది. అలాగని చెడ్డవాడు కాదు. తాగడు, కొట్టడు. మా అత్త బతికున్నప్పుడు 'కొట్టని మొగుణ్ణి కని ఇచ్చాను, ఇంకేం కావాలే నీకు' అనేది. ఆవిడ అది జవాబు కోసం అడగలేదు. నాకు మాత్రం ఇప్పుడు, ఈ వయసులో, ఆ ప్రశ్నకి నిజంగా జవాబేమిటా అని ఆసక్తి పుట్టింది."

నాలుగువేల మంది దానికి మెచ్చుకోలు గుర్తు పెట్టారు. మా పేటలో అంతమంది లేరు. ఎవరో తెలియని నాలుగువేల మందికి నా చొక్కా గుండీ సంగతి తెలుసు. నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ఆ గుండీ ఇప్పుడు వేసుకున్న చొక్కాకే ఉంది. దానిమీద వేలు పెట్టి చూసుకున్నాను. నల్లదారం. గట్టిగా ఉంది.

లోపల్నించి అక్క కేక వేసింది. "దొరికిందా?"

"ఇంకా లేదు."

"మధ్యాహ్నం దాటిపోయింది. త్వరగా చూడు."

ఆరో భాగం కింద సమరాంగ్ నుంచి ఒక రిటైరైన పంతులమ్మ అడిగింది: "ఆ తల్లి సంగతి సరే. మీకేమిష్టమండీ తినడానికి?" పొద్దున్నించి నేను వెతుకుతున్న ప్రశ్న అదే. ఆ ప్రశ్న నాకంటే ముందు సమరాంగ్‌లో ఎవరికో తట్టింది.

ఆకుపొట్లం రెండు రోజులు జవాబివ్వలేదు. తర్వాత ఇలా రాసింది.

"ఆలోచించాను పంతులమ్మగారూ. తెలీదు. ఆయనకేమిష్టమో తెలుసు. పిల్లకేమిష్టమో, అత్తకేమిష్టమో, కోళ్లకేమిష్టమో కూడా తెలుసు. నావైపు వచ్చేసరికి, ఇవన్నీ అయ్యాక ఏది మిగిలితే అది. మిగిలినదాన్ని ఇష్టం అనొచ్చా? మాడు తిన్నావిడకి మాడు ఇష్టమని ఎవరైనా రాస్తారేమో. అందుకని ఒక పని మొదలుపెట్టా. ఐదు రోజులకోసారి మా ఊళ్లో పోన్ సంత. ఆయన తెంపె అమ్ముతూ అటు పోతాడు, నేను ఆకులు కొనడానికి ఇటు పోతాను. పోయిన ప్రతిసారీ ఒకటి, ఇదివరకు నేను కూర్చుని తినని దాన్ని, బెంచీ మీద కూర్చుని తింటా. ఇష్టమో కాదో మీకు చెబుతా. నాకే ఉత్సాహంగా ఉంది."

అక్కణ్ణించి ఆవిడ సీరియల్ గురించి రెండు ముక్కలు రాసి మిగతాదంతా సంత గురించే రాసింది. ఏడో భాగం కింద: "వెనింగ్ బాగా ఏడ్చింది. మేకమాంసం పుల్లలు తిన్నా. రుచి ఉంది కానీ పళ్లకి పని ఎక్కువ. కాదు." ఎనిమిదో భాగం కింద: "పచ్చిపళ్ల ముక్కలు, మిరపకాయ, బెల్లం పాకం. పెళ్లికి ముందైతే ఇదే అనేదాన్ని. ఇప్పుడు కాదు. ఒకసారి ఇష్టమైనవి మారిపోతాయని ఎవరూ చెప్పలేదు నాకు." తొమ్మిదికి: "మాంసపు ఉండల చారు. పక్కన కూర్చున్నాయన 'ఒక్కదానివే వచ్చావా' అని అడిగాడు. అవునన్నా. రుచి చూడటం మర్చిపోయి ఆ మాటే నెమరేసుకుంటూ ఇంటికొచ్చా. మళ్లీ తినాలి." పదికి: "మళ్లీ తిన్నా. చారు కాదు. ఒక్కదాన్నే రావడం బాగుంది."

మీసాలవాళ్లూ బకెట్లాయనా అందరూ సీరియల్ వదిలేసి ఆవిడ వెనకే పడ్డారు. ఉడికించిన కర్రపెండలం చూడమని ఒకరు, వేరుశనగ పచ్చడి కలిపిన ఆకుకూరలు చూడమని ఒకరు. కథ చూడమన్నవాడు కూడా "ఈ వారం ఏం తిన్నావమ్మా" అని అడిగాడు. ఆ పోన్ సంతలన్నిటికీ నేనూ వెళ్లాను. రెండు వరుసల అవతల తెంపె అమ్ముతూ నిలబడ్డాను. ఇంటికొచ్చాక "ఆకులకి ఇంతసేపా" అన్నాను.

ఎండ వాలుతుండగా పదకొండో భాగం దగ్గరికి వచ్చాను.

"వెనింగ్ సంచి సర్దుకుంది. తల్లి ఆ సంచిలో అన్నం పొట్లం పెట్టింది. వెళ్లిపోయే పిల్లకి కూడా వడ్డనే. ఆ పిల్ల నది దాటాక తల్లి ఇంట్లోకి వెళ్లి ఏం చేస్తుందో వచ్చేవారం చూపిస్తారని నాకు ఆశ లేదు. అందుకని నేనే చూపిస్తా. దొరికింది నాకు. నిన్న, సంత చివర బస్సులాగే చోట, ఒక ముసలామె బల్ల దగ్గర. మొదటి ముద్దకే తెలిసిపోయింది. అయిపోతుందేమోనని రెండో ముద్ద కాసేపు పెట్టుకోలేదు. ఎలా చేస్తారో ఆమెని మూడుసార్లు అడిగి నేర్చుకున్నా. పేరు ఇప్పుడే చెప్పను. చెప్పానంటే 'ఓస్ ఇదా, మా అత్త ఇంకా బాగా చేస్తుంది' అంటారు. యాభై ఆరేళ్లకి నాకంటూ ఒక ఇష్టం దొరికింది, ఒక్క వారం నా ఒక్కదానిదిగా ఉండనివ్వండి. రేపు ఆదివారం, మా ఆయన ఏదో పెళ్లికి పోతాడు. నాకోసం వండుకుంటా. తలుపు చాటున కాదు, కుండలోంచి కాదు. బల్ల దగ్గర, ఆయన కుర్చీలో కూర్చుని, వేడిగా ఉండగానే, ఇంట్లో అందరికంటే ముందు తింటా. తర్వాత కూడా రోజూ అలాగే. చివరి భాగం చూశాక పేరు చెబుతా."

చివరి భాగం నాటికి ఆవిడ లేదు. బుధవారం పొద్దున పెరట్లో బట్టలు ఆరేస్తూ పడిపోయింది. దండెం మీద ఉన్నవి నా లుంగీలు.

పన్నెండో భాగం కింద వెనింగ్ గురించి రాసినవాళ్లు తక్కువ. "ఆకుపొట్లం గారూ, ఏమిటది?" "చెప్పండమ్మా, మేం చిన్నబుచ్చం." "కర్రపెండలమే కదూ?" సమరాంగ్ పంతులమ్మ ప్రతి వారం వచ్చి ఒకే ముక్క రాస్తోంది: "ఇంకా ఎదురుచూస్తున్నాను." పోయిన శనివారం కూడా రాసింది.

ఆ ఆదివారం నాకు బాగా గుర్తుంది. పెళ్లికి సగం దూరం వెళ్లాక వెనక టైరులో మేకు దిగింది. రెండంగుళాల మేకు, తుప్పు పట్టింది. బండి తోసుకుంటూ వెనక్కి వచ్చాను. చొక్కా తడిసిపోయింది. ఇంట్లోకి అడుగుపెడితే లస్మిని నా కుర్చీలో కూర్చుని ఉంది. తలస్నానం చేసి జుట్టు వదిలేసుకుంది. పండక్కి కుట్టించుకున్న గోధుమరంగు జాకెట్టు వేసుకుంది. ముందు కంచం, కంచంలోంచి ఆవిరి. చెయ్యి కంచంలో ఉంది, నోటిదాకా రాలేదు.

"ఎవరైనా వచ్చారా?" అన్నాను.

"లేదు."

"మరి ఇదెవరికి?"

ఆవిడ నన్ను చూసింది. ఎంతసేపు చూసిందో చెప్పగలను. నేను చెప్పులు రెండూ విప్పేంతసేపు. తర్వాత లేచి, చెయ్యి కడుక్కుని, కుర్చీ నావైపు తిప్పింది.

"మీకే," అంది.

తిన్నాను. ఆకలి మీదున్నాను. ఆవిడ పక్కన నిలబడింది. "ఎలా ఉంది?" అని అడిగింది. పెళ్లయ్యాక ఆ మాట ఆవిడ అడగడం అదే మొదలు. "ఉప్పు తక్కువ," అన్నాను. నేను దేనికైనా అనే మాట అది. కాబట్టి ఆ కంచంలో ఉన్నది తీపో కారమో కూడా ఆ మాటని పట్టుకుని చెప్పలేను. మేకు పొడవు చెప్పగలను. పంక్చరు వేసినవాడి పేరు చెప్పగలను. మెట్టు మీద కూర్చుని కళ్లు మూసుకుని ఆ కంచంలోకి ఎంతసేపు చూసినా ఆవిరి తప్ప ఏమీ కనబడలేదు.

ఫోన్ మూసి లోపలికి వెళ్లాను. మసీదులో సాయంత్రం ప్రార్థనకి పిలుపు మొదలవబోతోంది. గదిలో దీపం పెట్టేశారు. టీ గ్లాసు పెట్టేశారు. సరింతెన్ అక్క ఖాళీ కంచం చేత్తో పట్టుకుని నిలబడింది. వెనకాల వినార్తి, కినాంతి, మిగతా ఆడవాళ్లు. పొద్దున్నించీ వాళ్లెవరూ ఏమీ తినలేదని అప్పుడు గమనించాను.

"ఇంత పొద్దుపోయేదాకా చదివావు. దొరికిందా లేదా?" అంది అక్క.

"దొరికింది."

"హమ్మయ్య. ఏమిటో చెప్పు, పెట్టేస్తాను. ఎక్కడుంది?"

"నేను తినేశాను," అన్నాను.